గేముల్లో క్రేట్లు కొనడం జూదమేనా? మా తమ్ముణ్ని ఆపాలా?

జూదమే. క్రేటంటే గేమ్‌లో డబ్బు పెట్టి తెరిచే పెట్టె, లోపల ఏముందో తెరిచేదాకా తెలీదు. చట్టం ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా జూదమే.

మీ తమ్ముడు ఇంటర్ చదువుతూ క్రేట్లకు డబ్బు తగలేస్తున్నాడని రాశారు. అలాంటి తమ్ముళ్లను నేను రోజూ చూస్తాను. తెనాలిలో జూనియర్ కాలేజీ పక్క సందులో మాది చిన్న మొబైల్ కొట్టు. రీఛార్జులు, టెంపర్ గ్లాసులు, జిరాక్సు, వాటితోపాటు ప్లే స్టోర్ రీడీమ్ కోడ్లు, అంటే నోటిచ్చి కొనుక్కుంటే ఆ డబ్బును ప్లే స్టోర్‌లో ఖర్చు పెట్టుకోనిచ్చే నంబర్లు. ఈ కోడ్ల మీద మేమేదో మేడలు కట్టేస్తున్నామని కొందరు పేరెంట్స్ అనుమానం. ఒక్క టెంపర్ గ్లాసు మీద మిగిలేది అరడజను కోడ్లు అమ్మినా మిగలదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా. కోడ్లు కొనేది ఎక్కువగా ఎవరంటే, ఇంట్లోవాళ్ల ఫోన్‌పేలో కనపడకూడదనుకునే కుర్రాళ్లు. నోటు ఇస్తారు, కోడ్ పట్టుకుపోతారు.

పెళ్లిళ్ల సీజన్లో ఒకడు వచ్చాడు, సెకండ్ ఇయర్. రాత్రి క్యాటరింగ్‌కి వెళ్లినట్టున్నాడు, తెల్ల చొక్కా మీద సాంబారు మరక ఇంకా ఉంది. ఐదొందల నోటు తీసి, రెండు వేళ్లతో ఒకసారి రుద్ది చూసి, కౌంటర్ మీద పెట్టాడు. అర్ధరాత్రి దాకా బకెట్ మోస్తే వచ్చిన డబ్బు. కోడ్ కొట్టుకుని నా స్టూలు లాక్కుని అక్కడే కూర్చున్నాడు. వెనక నుంచి ముగ్గురు స్నేహితులు వాడి భుజాల మీద వాలిపోయారు. జిరాక్సుకొచ్చిన మేడమ్ ఒకావిడ దారి కోసం నిలబడింది, ఎవడూ కదల్లేదు.

క్రేట్ బటన్ నొక్కగానే స్క్రీన్ మీద తుపాకుల బొమ్మలు వరసగా పరిగెత్తాయి. తర్వాత నెమ్మదించాయి. "ఆగుద్ది, ఆగుద్దిరా" అంటున్నాడు ఒకడు. ఎర్రగా మెరిసే తుపాకీ దగ్గర ఆగినట్టే ఆగి, ఇంకొక్క గడి జరిగి పారాచూట్ మీద నిలబడింది. ఆ పారాచూట్ వీడి దగ్గర అప్పటికే ఉందట. అందుకని అది కూడా ఇవ్వకుండా ఏవో చిల్లర ముక్కలు చేతిలో పెట్టారు. "అబ్బ, దగ్గరదాకా వచ్చింది మావా!"

దగ్గరదాకా ఏమీ రాలేదు. బటన్ నొక్కగానే ఏమివ్వాలో సర్వర్‌లో తేలిపోతుంది. ఆ తర్వాత బొమ్మలు పరిగెత్తడం, నెమ్మదించడం, ఒక్క గడి తేడాలో తప్పిపోవడం, ఇదంతా మళ్లీ నొక్కించడానికి చేసే హంగామా. అదే మాట వాళ్లకు చెప్పా. "నీకు తెలీదులే అన్నా" అన్నారు. చూస్తుండగానే బ్యాలెన్స్ అడుగంటింది.

"ఇప్పటిదాకా మొత్తం ఎంత పెట్టావురా?" అని అడిగా.

"రెండు వేలో ఎంతో అన్నా. పాయింట్లే కదా."

పాయింట్లేనట! నోటు ఇచ్చేటప్పుడు రెండు నోట్లు అంటుకుపోయాయేమోనని రుద్ది చూసుకున్నవాడు, అది పాయింట్లుగా మారగానే లెక్కే వదిలేశాడు. అసలు మోసమంతా ఇక్కడే ఉందని నా గట్టి నమ్మకం. రూపాయిని కనపడకుండా చేశారు. పైగా పాయింట్ల ప్యాకు ఒక లెక్కలో, స్పిన్ ధర, అంటే క్రేట్ ఒక్కసారి తెరిచే ధర, ఇంకో లెక్కలో పెడతారు. ఎప్పుడూ ఎన్నో కొన్ని మిగులుతాయి. మిగిలినవి వేస్టయిపోతాయని ఇంకో ప్యాకు కొంటారు. స్పిన్ బటన్ మీద పాయింట్ల బదులు రూపాయలు రాయమనండి, సగం మంది వేలు వెనక్కి తీసుకుంటారు. దీనికి నా దగ్గర సర్వే లేదు, కౌంటర్ వెనక నిలబడి చూసింది చెబుతున్నా.

"మన చిన్నప్పుడు కిరాణా కొట్లో అట్టకు అంటించిన లాటరీ చీటీలు చింపలేదా?" అని వెనకేసుకొచ్చేవాళ్లుంటారు. చింపాం. కానీ ఆ అట్ట మీద చీటీలు అయిపోయేవి. వీళ్ల అట్ట ఎప్పటికీ అయిపోదు. కాస్త నయం అనుకునే గెన్షిన్ ఇంపాక్ట్ అనే గేమ్‌లో కూడా 90వ సారికి ఫైవ్ స్టార్, అంటే అన్నిటికంటే అరుదైన క్యారెక్టర్, ఖాయమంటారు గానీ, అది మీరు కోరుకున్నదే అవుతుందా అంటే మళ్లీ ఇంచుమించు సగం సగం ఛాన్సే.

ఇక చట్టం సంగతి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. అన్నిటి గురీ డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటల మీదే. క్రేట్‌లో వచ్చేది బొమ్మ తుపాకీ కాబట్టి ఇవి దర్జాగా నడుస్తున్నాయి. బొమ్మ తుపాకీకి విలువ లేదంటారా? మంచి స్కిన్లు (తుపాకులకు, బట్టలకు వేసే రంగుల అలంకారాలు) ఉన్న గేమ్ ఐడీలు టెలిగ్రామ్ గ్రూపుల్లో వేలకు వేలు పలుకుతున్నాయి. గేమ్ రూల్స్ ప్రకారం అమ్మకూడదు. అయినా అమ్ముతారు, కొన్న వారానికే పాత ఓనరు పాస్‌వర్డ్ మార్చేసి లాక్కుంటాడు. ఏడుస్తూ నా దగ్గరకొస్తే నేనేం చేయను?

బెల్జియం వాళ్లు 2018లోనే తేల్చేశారు. ఫిఫా 18, ఓవర్‌వాచ్, కౌంటర్ స్ట్రైక్ లాంటి గేముల్లో డబ్బుకు అమ్మే లూట్ బాక్సులు (మన క్రేట్లకే ఇంకో పేరు) జూదమేనని వాళ్ల గేమింగ్ కమిషన్ చెప్పింది. మర్నాడు ఫిఫా గేమ్ కంపెనీ ఆ దేశంలో పాయింట్లు అమ్మడం మానేసింది అనుకునేరు, 2019 జనవరి దాకా బెట్టు చేసి అప్పుడు మానేసింది. కౌంటర్ స్ట్రైక్ వాళ్ల తెలివి ఇంకా గొప్పది. 2019లో ఫ్రాన్స్‌లో, బాక్సులో ఏముందో ముందే చూపించే స్కానర్ పెట్టారు. చూడటం ఉచితం. కానీ ఆ చూసింది కొంటేనే తర్వాతి బాక్సు చూడనిస్తారు!

మన దగ్గర 2021లో బీజీఎంఐ (పబ్జీకి మన దేశపు రూపం) వచ్చినప్పుడు 18 ఏళ్ల లోపు పిల్లలకు రోజుకు 3 గంటల ఆట, 7 వేల రూపాయల ఖర్చు అని పరిమితి పెట్టారు. రోజుకు ఏడు వేలు! మా కొట్టు గల్లాలో అంత పడిన రోజు నేను బిర్యానీ తెప్పిస్తా. ఆ రూలు ఎవరి పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాశారో.

ఆపాలా అని కదా అడిగారు. ఆట ఆపకండి. ఫోన్ లాక్కుంటే స్నేహితుడి ఫోన్లో ఆడతాడు, అప్పుడు మీకు అసలేమీ తెలీదు. వాడు ప్రశాంతంగా ఉన్నప్పుడు పక్కన కూర్చుని ప్లే స్టోర్ తెరవమనండి. ప్రొఫైల్ బొమ్మ నొక్కితే పేమెంట్స్ అని ఉంటుంది, అందులో బడ్జెట్ అండ్ హిస్టరీ. కొన్నవన్నీ తేదీలతో సహా రూపాయల్లో ఉంటాయి, నాలాంటివాడి దగ్గర కోడ్ తీసుకుని కొన్నవి కూడా. కూడిక మీరు చేయకండి, వాణ్నే చేయమనండి. నెల బడ్జెట్ పెట్టుకునే చోటు కూడా అక్కడే ఉంది. అంకె వాడే చెప్పాలి, మీరు ఒప్పుకోవాలి. ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా సెట్టింగ్ మాత్రం ఆ రోజే పెట్టేయండి.