టెక్ సందేహాలు: కారుకు ఏ డీజిల్ కొట్టించాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఫోన్ల కంటే కార్ల గురించే ఎక్కువ అడిగారు. డీజిల్ కార్లున్నవాళ్ల సందేహాలన్నీ ఒకచోట చేర్చాను.

సెకండ్ హ్యాండ్‌లో 2021 మోడల్ డీజిల్ ఎస్‌యూవీ కొన్నాను. బంకుకు వెళ్లిన ప్రతిసారీ "ప్రీమియం కొట్టమంటారా సార్, పికప్ బాగుంటుంది, మైలేజీ వస్తుంది" అంటున్నారు. లీటరుకు ఐదు రూపాయలు ఎక్కువ. నిజంగా తేడా ఉంటుందా? – నల్గొండ పాఠకుడు

మీ కారుకు మామూలు డీజిల్ చాలు. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ విషయంలో చాలామంది పెట్రోల్ లెక్కను డీజిల్‌కు వేస్తున్నారు.

పెట్రోల్‌లో ప్రీమియం అంటే ఆక్టేన్ (వేళకు ముందే అంటుకోకుండా ఆగే గుణం) ఎక్కువ ఉన్నది. 95, 100 అని బోర్డు మీదే రాస్తారు. డీజిల్‌లో చూడాల్సింది సీటేన్. ఇంజిన్‌లోకి చిమ్మిన డీజిల్ ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే అంకె అది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్6 కాలుష్య ప్రమాణాల డీజిలే అమ్ముతున్నారు. ఏ కంపెనీదైనా దానికి సీటేన్ కనీసం 51 ఉండాలి, గంధకం కిలోకు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. బీఎస్4లో ఇదే గంధకం 50 దాకా, బీఎస్3లో 350 దాకా ఉండేది. అంటే పదేళ్ల కిందటి మంచి డీజిల్ కంటే ఇప్పుడు మీ ఊరి బంకులో దొరికే మామూలు డీజిలే ఎంతో శుభ్రమైనది.

మరి ఎక్స్‌ట్రాగ్రీన్, టర్బోజెట్, వి-పవర్ లాంటి ప్రీమియం డీజిళ్లు? వాటిలోనూ అసలు సరుకు డీజిలే. దానికి కొన్ని అడిటివ్‌లు కలుపుతారు. వాటిలో ముఖ్యమైంది డిటర్జెంట్. ఇంజెక్టర్ల మొనకు పట్టే మడ్డిని కడిగేది అదే. ఆ పని చిన్నదేం కాదు. ఇప్పటి కార్లలో డీజిల్‌ను 1,600 నుంచి 2,000 బార్ల ఒత్తిడితో చిమ్ముతారు. మీ టైరులో గాలి ఒత్తిడికి అది ఏడెనిమిది వందల రెట్లు. డీజిల్ బయటికొచ్చే రంధ్రాలేమో ఇంచుమించు వెంట్రుక మందాన ఉంటాయి. కాస్త మడ్డి పట్టినా స్ప్రే దెబ్బతింటుంది, పొగ పెరుగుతుంది, మైలేజీ తగ్గుతుంది. మడ్డి పట్టిన ఇంజిన్‌కు ప్రీమియం డీజిల్‌తో ఉపయోగం కనిపించవచ్చు. శుభ్రంగా ఉన్న ఇంజిన్‌లో కడగడానికి ఏమీ ఉండదు. డీజిల్‌లో ఉండే శక్తి అడిటివ్ వల్ల పెరగదు.

డబ్బుల లెక్క కూడా చూడండి. మామూలు డీజిల్ 95, ప్రీమియం 100 అనుకుందాం. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారు ప్రీమియంతో 15.8 ఇస్తేనే ఆ ఐదు రూపాయలు గిట్టుబాటు. టైర్లలో గాలి తగ్గినా, ఏసీ పెంచినా, దారిలో నాలుగు సిగ్నళ్లు ఎక్కువ పడినా మైలేజీ అంతకంటే ఎక్కువే మారుతుంది. అందుకే ఒక ట్యాంకు కొట్టించి "తేడా తెలిసింది" అనే మాటను నమ్మలేం. మీరే పరీక్షించాలంటే ఒకే బంకులో ఆటో కట్ అయ్యేదాకా ఫుల్ చేయించి, ట్రిప్ మీటర్ జీరో చేసి, ఒకే రూటులో తిరగండి. మామూలుది మూడు ట్యాంకులు, ప్రీమియం మూడు ట్యాంకులు చూడండి. డ్యాష్‌బోర్డు మీద కనిపించే సగటును కాకుండా, కొట్టించిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగించండి.

నన్నడిగితే ఆ ఐదు రూపాయలూ దాచి డీజిల్ ఫిల్టర్ వేళకు మార్పించండి. సెకండ్ హ్యాండ్ కారు కాబట్టి ఈ పని ముందే చేయించండి, పాత ఓనరు ఎప్పుడు మార్చాడో మీకు తెలియదు. రెండేళ్ల కిందట వానాకాలంలో హైవే పక్క ఒక బంకులో ఫుల్ ట్యాంక్ కొట్టించాను. ఇరవై కిలోమీటర్లు వెళ్లేసరికి ఫిల్టర్ గుర్తు కింద నీటి చుక్కలున్న లైటు వెలిగింది. పక్కకు ఆపి మెకానిక్‌ను పిలిపించాను. అతను ఫిల్టర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ విప్పి, ఖాళీ వాటర్ బాటిల్‌లోకి వదిలాడు. బాటిల్ ఎత్తి చూపిస్తే అడుగున మూడు వేళ్ల మందం తెల్లటి నీళ్లు, పైన పసుపు రంగులో డీజిల్, మధ్యలో గీత గీసినట్టు స్పష్టంగా ఉంది. ఆ నీళ్లు పంపులోకి వెళ్లి ఉంటే వేలల్లో ఖర్చయ్యేది. హై ప్రెషర్ పంపుకు జిడ్డు అందేది డీజిల్ నుంచే కదా! ఆ రోజు నన్ను కాపాడింది ఫిల్టరే.

కాబట్టి బ్రాండ్ కన్నా బంకును ఎంచుకోండి. లారీలు, బస్సులు ఎక్కువగా వచ్చే చోట సరుకు నిలవ ఉండదు. ట్యాంకర్ దించుతుంటే కాసేపు ఆగి వెళ్లండి, అడుగున ఉన్న మురికి పైకి లేస్తుంది. అనుమానం వస్తే డీజిల్ డెన్సిటీ (సాంద్రత) కొలిచి చూపించమని అడగండి. జాడీ, హైడ్రోమీటర్ బంకులో ఉండాలి, 15 డిగ్రీలకు సరిచేసిన అంకెకూ ట్యాంకర్‌తో వచ్చిన చలానులోని అంకెకూ తేడా ఘనపు మీటరుకు 3 కిలోలు దాటకూడదు. ఐదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపించమనే హక్కూ మీకుంది. అందులో 25 మిల్లీలీటర్లకు మించి తగ్గకూడదు. ఫిల్టర్ పేపర్ మీద చుక్క వేసి చూసే పరీక్ష మాత్రం పెట్రోల్‌కే, డీజిల్ అలా ఆరిపోదు.

రోజూ ఆఫీసుకు ఆరు కిలోమీటర్లే. డీపీఎఫ్ లైటు మాటిమాటికీ వస్తోంది. ట్యాంకులో కాస్త టూ-టీ ఆయిల్ కలిపితే పోతుందని వాట్సాప్ గ్రూపులో చెప్పారు. – హైదరాబాద్ పాఠకురాలు

టూ-టీ ఆయిల్ వద్దమ్మా. డీపీఎఫ్ అంటే పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టర్. టూ-స్ట్రోక్ బండ్ల కోసం చేసిన ఈ ఆయిల్ కాలితే మిగిలే బూడిద ఆ ఫిల్టర్‌లోనే పేరుకుపోతుంది. మసిని కాల్చేయొచ్చు గానీ బూడిద కాలదు. కిరోసిన్ సంగతీ అంతే, పంపుకు జిడ్డు అందక అరుగుతుంది.

మీ సమస్య డీజిల్‌ది కాదు, ప్రయాణానిది. ఆరు కిలోమీటర్లలో ఇంజిన్ సరిగా వేడెక్కదు. మసి కాల్చడం మొదలుపెట్టేలోపే మీరు బండి ఆపేస్తున్నారు. వారానికోసారి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, ఒక గేరు తక్కువలో ఇరవై నిమిషాలు ఆగకుండా నడపండి. కారు కంప్యూటర్‌లోని వివరాలను చదివే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ ఒకటి కొని స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌కు తగిలిస్తే, చాలా కార్లలో మసి ఎంత శాతం నిండిందో ఫోన్ యాప్‌లో చూడొచ్చు. మీ మోడల్‌కు ఆ యాప్ పనిచేస్తుందో లేదో చూసి కొనండి. ఇంజిన్ ఆయిల్ గేజ్ కూడా తీసి చూడండి. మసి కాల్చడానికి ఎక్కువగా చిమ్మిన డీజిల్ మధ్యలో ఆగిపోయినప్పుడల్లా ఆయిల్‌లోకి దిగుతుంది. లెవెల్ మ్యాక్స్ గీత దాటి పెరిగితే ఆ ఆయిల్ మార్చాల్సిందే. లైటు ఎర్రగా మారినా, ఆరుతూ వెలుగుతున్నా ఇంకా నడపకుండా సర్వీస్‌కు తీసుకెళ్లండి. మీ తిరుగుడు ఎప్పటికీ ఇంతే అయితే, తర్వాతి కారు డీజిల్ తీసుకోకండి.

కాకినాడ వాళ్లం. యానాంలో డీజిల్ చౌక. క్వాలిటీ తక్కువ కాబట్టే చౌకా?

కాదు. యానాం పుదుచ్చేరిలో భాగం, అక్కడ వ్యాట్ తక్కువ. పన్నులోనే తేడా, సరుకులో కాదు. నిశ్చింతగా కొట్టించుకోండి. రోడ్డు పక్క షెడ్లలో లారీలకు 'బయోడీజిల్' అని చౌకగా అమ్మేదాని జోలికి మాత్రం వెళ్లకండి. బీఎస్6 డీజిల్‌లో బయోడీజిల్ 7 శాతం దాకానే కలపొచ్చు, కారు తయారైంది ఆ లెక్కకే.

బంకు కుర్రాడు పొరపాటున నా డీజిల్ కారులో పది లీటర్ల పెట్రోల్ కొట్టేశాడు. స్టార్ట్ చేయలేదు. ఇప్పుడేం చేయాలి? – రాజమండ్రి పాఠకుడు

స్టార్ట్ చేయకపోవడం చాలా మంచి పని, సగం ఖర్చు అక్కడే తప్పింది. తాళం 'ఆన్' దాకా కూడా తిప్పకండి, కొన్ని కార్లలో ట్యాంకు లోపలి పంపు అప్పుడే తిరగడం మొదలవుతుంది. బండిని న్యూట్రల్‌లో పక్కకు తోయించి, టోయింగ్ పిలిచి ట్యాంకు మొత్తం ఖాళీ చేయించండి. పైన డీజిల్ పోసి పలుచన చేద్దామని ఎవరన్నా చెప్పినా వినకండి. బంకు బిల్లు, ఫొటో దగ్గర పెట్టుకోండి. మీ కారుకు నీలం మూత ఉన్న డెఫ్ (పొగను శుభ్రం చేసే యూరియా ద్రావణం) ట్యాంకు కూడా ఉంటే అదెక్కడుందో ఇంట్లో నడిపేవాళ్లందరికీ చూపించండి. ఆ యూరియా నీళ్లు డీజిల్ ట్యాంకులో పడితే పెట్రోల్ కంటే ఎక్కువ నష్టం.