కువైట్ జీతంతో రాజంపేటలో సైటు కొనొచ్చా?

ప్రశ్న: మాది రాజంపేట దగ్గర పల్లె. మా ఆయన తొమ్మిదేళ్లుగా కువైట్‌లో ఇంటి డ్రైవరు. నెలకు 35 వేలు పంపిస్తాడు. ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు కలిపి 22 వేలవుతాయి. ఆడపడుచు పెళ్లికి తెచ్చిన అప్పు ఇంకా 2 లక్షలు ఉంది, రెండు రూపాయల వడ్డీ. నా పేరు మీద ఒకే బ్యాంకులో 11 లక్షలున్నాయి, బంగారం 20 తులాలుంది. టౌన్‌కు ఆనుకుని 14 లక్షలకు ఒక సైటు వచ్చింది. తక్కువపడే 3 లక్షలు సర్దుతానని ముగ్గురాయి మిల్లులో పనిచేసే మా తమ్ముడు అంటున్నాడు. మా వదిన మాత్రం ప్రొద్దుటూరు పోయి బంగారం కొనమంటోంది. ఇంటర్ చదివే మా పిల్లోడు "అమ్మా, ఇది గ్లోబలైజేషన్ కాలం, అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి, ఆలోచించి కొను" అంటున్నాడు. వాడు చెప్పేది నిజమేనా? ఏడేళ్ల పాప కూడా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ పిల్లోడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ మాటను పట్టుకునే మీ లెక్క చూద్దాం.

మీ ఇంటికొచ్చే డబ్బు ఎక్కడ పుడుతోందో ఒక్కసారి వెనక్కి వెళ్లి చూడండి. మీ ఆయనకు జీతమిచ్చే కువైట్ కుటుంబానికి ఆ డబ్బు చాలావరకు చమురు వల్లే వస్తుంది, ఎందుకంటే ఆ దేశ ప్రభుత్వ ఆదాయంలో సింహభాగం చమురుదే. ఇక మీ తమ్ముడి సంగతి. మంగంపేటలో తీసే ముగ్గురాయి, అంటే బెరైటీస్, పొడి కొట్టించాక ఎక్కువగా ఎక్కడికి పోతుందో తెలుసా? చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడి పైకి తన్నకుండా బరువైన బురద పోస్తారు. ఆ బురదకు బరువు ఇచ్చేది ఈ పొడే. చమురు ధర పడిపోతే కొత్త బావులు తవ్వడం తగ్గుతుంది, దాంతో పొడికి గిరాకీ కూడా తగ్గుతుంది.

మూడోది సైటు. మీ టౌన్ చుట్టూ సైట్లు కొంటున్నవాళ్లు ఎవరు? ఇంటింటికీ లెక్క తీయండి. ఎక్కువ ఇళ్లలో ఎవరో ఒకరు కువైట్‌లోనో సౌదీలోనో ఉంటారు. అంటే ఆ సైటు ధరను నిలబెట్టేది కూడా గల్ఫ్ జీతాలే. మన సీమ భాషలో చెప్పాలంటే, మూడు చేలున్నాయి కానీ మూడింటికీ ఒకటే బోరు. ఆ బోరు ఎండిందంటే మూడు చేలూ ఒకేసారి ఎండుతాయి. మీ తమ్ముడి మీద నాకేమీ అనుమానం లేదు. కానీ ఆ 3 లక్షలు కూడా అదే బోరు నీళ్లు.

చమురు ధర పడదులే అనుకోకండి. 2014 మధ్యలో పీపా వంద డాలర్ల పైన ఉన్న ధర 2016 జనవరికి 30 డాలర్ల లోపుకు దిగింది. 2020లో కరోనా వచ్చాక మళ్లీ కుప్పకూలింది.

అంతకంటే పెద్ద దెబ్బ నేను చిన్నప్పుడు మా ఇంట్లోనే చూశాను. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. మా మేనమామ అప్పుడు అక్కడే ఉన్నాడు. మన ప్రభుత్వం జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి విమానాల మీద విమానాలు నడిపి లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులను వెనక్కి తెచ్చింది. మామ ఒక చేతిసంచితో ఇల్లు చేరాడు. ఆయన కట్టిస్తున్న ఇల్లు గోడల దగ్గరే ఆగిపోయింది. ఊరి పక్కన కొన్న స్థలాన్ని అమ్మకానికి పెడితే అడిగిన మనిషి లేడు, ఎందుకంటే కొనగలిగినవాళ్లు కూడా అదే విమానాల్లో తిరిగొచ్చారు. చివరికి అవ్వ నగలు తాకట్టు పెట్టి ఆ ఏడాది గడిపాం. సైటు గురించి ఎవరు అడిగినా నాకు మొదట గుర్తొచ్చేది ఆ స్థలమే.

అదే సమయంలో దేశానిదీ మా ఇంటి పరిస్థితే అయింది. చమురు ధర పెరిగింది, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు ఆగింది, పాత అప్పులు మీద పడ్డాయి. 1991 నడిమికి విదేశీ నిల్వలు రెండు మూడు వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయేంతగా కరిగిపోయాయి. ఆ జులైలో రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని ఇంగ్లండు, జపాన్ కేంద్ర బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టింది. రూపాయి విలువను రెండుసార్లు తగ్గించారు. దిగుమతులకు, విదేశీ పెట్టుబడులకు తలుపులు తెరిచారు. ఆ పని చేసిన ప్రధాని పి.వి. నరసింహారావు ఆ నవంబరులో మన పక్కనున్న నంద్యాల నుంచే ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వెళ్లారు. మీ పిల్లోడు పాఠంలో చదివే గ్లోబలైజేషన్ మన దేశంలో ఊపందుకున్నది అప్పుడే. సరుకు, డబ్బు, పని, ధర, ఇవి దేశాల గట్లు దాటి పారడమే గ్లోబలైజేషన్.

అది మంచిదా చెడ్డదా అంటే, రెండూ మీ ఇంట్లోనే ఉన్నాయి. వానలు నమ్ముకుని ఉంటే మీ ఆయనకు నెలకు 35 వేలు మిగిలేవి కావు. విదేశాల్లో ఉన్న మనవాళ్లు 2024లో దేశానికి పంపింది సుమారు 129 బిలియన్ డాలర్లని ప్రపంచ బ్యాంకు లెక్క. ప్రపంచంలో అన్ని దేశాల కంటే ఎక్కువ అదే. అందులో మీ ఆయన చెమట కూడా ఉంది. కానీ సరుకుకు ఉన్న స్వేచ్ఛ మనిషికి లేదు. డ్రైవరుగా పోయిన మనిషి కఫీల్, అంటే అక్కడి యజమాని, ఒప్పుకోకుండా పని మారాలంటే ఎంత కష్టమో, అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, అయిపోతే ఎంత టెన్షనో మీకు నేను చెప్పనక్కర్లేదు. తండ్రిని వీడియో కాల్‌లోనే చూస్తూ పెరిగే పిల్లలున్న ఊళ్లు మనవి. ఆ ఖర్చు ఏ బ్యాంకు పుస్తకంలోనూ కనబడదు. అందుకే ఆయన పంపే ప్రతి రూపాయినీ నేను మామూలు జీతంలా చూడలేను.

వంటింటి నూనె సంగతి కూడా ఇంతే. 1994లో పామాయిల్ దిగుమతికి దారి తెరిచారు. ఇప్పుడు దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా బయటిదే. చౌకనూనె దొరికింది కానీ అనంతపురం వేరుశనగ రైతుకు పోటీ పెరిగింది. 2022లో యుక్రెయిన్‌లో యుద్ధం మొదలయ్యేసరికి సన్‌ఫ్లవర్ నూనె ధర మన కిరాణా కొట్లో ఎగిరింది. కాబట్టి మీ 22 వేల ఖర్చు ఎప్పుడూ 22 వేలే ఉంటుందనుకోవద్దు.

ఇప్పుడు మీ వదిన మాట. బంగారం విషయంలో ఆమె ఆలోచన తప్పు కాదు. మనం వాడే బంగారం దాదాపు అంతా దిగుమతే కాబట్టి దాని ధరను ప్రపంచ మార్కెట్, డాలరు, మన దిగుమతి సుంకం నిర్ణయిస్తాయి. 2024 జులై బడ్జెట్‌లో సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించగానే ప్రొద్దుటూరు అంగళ్లలోనూ ధర దిగింది. ప్రపంచంలో గొడవలు వస్తే బంగారం సాధారణంగా పెరుగుతుంది, రూపాయి పడితే కూడా పెరుగుతుంది. అంటే మీ ఆయన జీతానికి ఆపద వచ్చే రోజున నిలబడే అవకాశం ఉన్నది అదే. కానీ మీ దగ్గర ఇప్పటికే 20 తులాలుంది. ఆపదకు అది చాలు. ఇంకా నగలు చేయిస్తే తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్‌టీ కొన్న రోజే పోతాయి. పాప పెళ్లికి ఇంకా చాలా టైముంది.

సైటు కొంటే ఏమవుతుందో చూడండి. 11 లక్షలూ పోతాయి, అప్పు 5 లక్షలవుతుంది, చేతిలో పైసా ఉండదు. ఆ తర్వాత మూడు నెలలు జీతం రాకపోతే నగలు బ్యాంకు గుమ్మం ఎక్కాల్సిందే. అందుకే ఇప్పుడు వద్దంటున్నాను. ఇల్లు కట్టుకుని ఉండడానికి కొంటే అది వేరే మాట. అప్పు తీరి, ఏడాది ఖర్చు పక్కన ఉండగా, సొంత డబ్బుతో కొనగలిగినప్పుడు కొనండి. అప్పుడు కూడా లేఅవుట్ అనుమతి, ఈసీ (స్థలం మీద అప్పులు, అమ్మకాలు చూపే రిజిస్ట్రేషన్ కాగితం) చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. ఎవరైనా సైటు బదులు మీ ఆయన పేరు మీద పొలం కొనమంటే ఒప్పుకోవద్దు. విదేశాల్లో ఉంటున్న మనిషి వ్యవసాయ భూమి కొనడానికి చట్టం ఒప్పుకోదు. వారసత్వంగా వస్తే తప్పు లేదు.

మొదట చేయాల్సింది 2 లక్షల అప్పు కట్టేయడం. దానికి ఏడాదికి 48 వేలు వడ్డీ కడుతున్నారు. అదే 2 లక్షలు బ్యాంకులో ఉంటే, 7 శాతం అనుకున్నా, వచ్చేది 14 వేలు. ఇంత లాభం వచ్చే సైటు రాజంపేటలో దొరకదు.

మిగిలిన 9 లక్షల్లో 3 లక్షలు ఏడాది ఖర్చుకు పక్కన పెట్టండి. ఈ డబ్బు కువైట్ నుంచి పైసా రాకపోయినా ఇల్లు నడవడానికి. మిగతా 6 లక్షలను ఏడాది, రెండేళ్లు, మూడేళ్లకు వేర్వేరు ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా విడగొట్టి, రెండో బ్యాంకులో కూడా కొంత వేయండి. ఒక్కో బ్యాంకులో ఒక మనిషికి, వడ్డీతో కలిపి, 5 లక్షల వరకే డిపాజిట్ బీమా ఉంటుంది. మీ 11 లక్షలూ ఒకే చోట ఉన్నాయి.

ఇకపై వచ్చే డబ్బును మీ ఆయన పేరు మీద ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు, అంటే విదేశంలో సంపాదించిన డబ్బును ఇక్కడ దాచుకునే ఖాతాకు, పంపమనండి. అక్కడ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, కావాలంటే తిరిగి దినార్లుగా మార్చుకోవచ్చు. మీరు డబ్బు తీయడానికి ఆయన బ్యాంకుకు రాసిస్తే చాలు. మీ దగ్గర ఇప్పటికే ఉన్న రూపాయలను మాత్రం అందులో వేయడానికి వీల్లేదు. ఆయన పాత సేవింగ్స్ ఖాతా అలాగే నడుస్తుంటే దాన్ని ఎన్‌ఆర్‌ఓగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్లు ఇక్కడి డబ్బు ఉంచుకునే ఖాతాగా, మార్పించండి.

అప్పు తీరితే నెలకు 13 వేలు మిగులుతాయి. అందులో 3 వేలు పాప పేరు మీద ఆడపిల్లల పొదుపు పథకం సుకన్య సమృద్ధిలో వేయండి. పదేళ్ల లోపే తెరవాలి, ఆలస్యం చేయొద్దు. 4 వేలు షేర్ మార్కెట్ సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లో, కనీసం ఏడెనిమిదేళ్లు ముట్టుకోనని అనుకుంటేనే. 2020 మార్చి 23న ఒక్క రోజులో షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ 13 శాతం పడింది, అలాంటి రోజు మళ్లీ వస్తుంది. మిగిలింది ఎన్‌ఆర్‌ఈలోనే ఉంచి, అందులోంచి మీ ఆయనకు టర్మ్ ఇన్సూరెన్స్ (మనిషి పోతే ఇంటికి డబ్బొచ్చే బీమా) కట్టండి.

ఒక మాట ఆయన్ని తప్పకుండా అడగండి. పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (పనికి విదేశం పోయేముందు ప్రభుత్వ అనుమతి కావాలనే గుర్తు) అని ఉంటే ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉండాలి. మూడేళ్లకు 375 రూపాయలు కడితే ప్రమాదంలో పోయినా, పూర్తిగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తుంది. వెళ్లినప్పుడు తీసుకుని, గడువు దాటాక మర్చిపోయినవాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. ఆన్‌లైన్‌లో మీ పిల్లోడే రెన్యువల్ చేయగలడు.

సైటుకు ఇప్పటికే అడ్వాన్సు ఏమైనా ఇచ్చి ఉంటే, ఎంత ఇచ్చారు, రసీదులో గడువు ఎన్ని రోజులని రాశారు, అది రాసి పంపండి. వెనక్కి తీసుకునే దారి ఉందేమో చూద్దాం.