మెచ్చుకుంటే టెన్షన్

ప్రశ్న: నాకు 31 ఏళ్లు, బ్యాంకు ఉద్యోగం. ఇంటర్‌లో మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చేవారు. ఇప్పటికీ మేనేజర్ మెచ్చుకుంటే, పొరపాటున అన్నారేమోనని టెన్షన్. ఎందుకిలా?
– ఓ సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, నన్నూ చివరి సెక్షన్లోకి నెట్టారు. ట్రంకుపెట్టె మోసుకుంటూ వేరే గదికి వెళ్తుంటే వరండాలో అందరూ చూశారు. పెట్టె గడియ చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది. మనిషి పక్కవాళ్లతో పోల్చుకుని తనను అంచనా వేసుకుంటాడని అమెరికన్ మనస్తత్వవేత్త లియాన్ ఫెస్టింగర్ 1954లోనే రాశాడు. మనకైతే ఆ పోలికను నోటీసు బోర్డుకే అంటించారు. ఇంట్లోనూ అంతే. పొగిడితే దిష్టి తగులుతుందట, తిట్టడానికి మాత్రం ఏ దిష్టీ అడ్డు రాదు! ఈసారి మేనేజర్ మెచ్చుకుంటే ‘థాంక్సండీ’ అని ఊరుకోండి. ‘అబ్బే, నాదేముందండీ’ అనకండి. ఆ రెండో ముక్క మింగడానికి నాకు ఏళ్లు పట్టింది.