కంటైన్‌మెంట్ బిగించేముందు

బుజ్జీ,

నడుస్తున్న డేటా సెంటర్ హాల్లో, ఒక్క సర్వర్ కూడా ఆపకుండా కోల్డ్ ఐల్ కంటైన్‌మెంట్ చేయించే, అంటే సర్వర్ల ముందున్న చల్లగాలి నడవని తలుపులూ పైకప్పుతో మూయించే, పని నీ చేతికి వచ్చిందని మీ అమ్మ చెప్పింది. ఎంత పొంగిపోయానో! ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఫోన్ చేస్తే "తెలుసు పెద్దమ్మా" అని మధ్యలోనే ఆపేస్తావు. అందుకే రాస్తున్నాను.

తెలిసినవి ముందే ముగిస్తాను. సర్వర్లు పేర్చే ర్యాకుల ముఖాలు ఎదురెదురుగా ఉండాలి, ఆ నడవే చల్లగాలి వచ్చే కోల్డ్ ఐల్. వీపులు ఎదురెదురుగా ఉండాలి, అది వేడిగాలి వదిలే హాట్ ఐల్. ఐబీఎంలో రాబర్ట్ సలివన్ 1992లో చెప్పిన ఆ పద్ధతే ఇప్పటికీ మూలం. ర్యాకుల్లో ఖాళీలకు మూతబిళ్లలు, అదే బ్లాంకింగ్ ప్యానెళ్లు, చల్లగాలి పారే ఎత్తు నేలలో కేబుళ్లు దూరే కంతలకు కుచ్చుల మూతలు, అదే బ్రష్ గ్రామెట్లు పెట్టించు. పక్క నుంచి గాలి పీల్చే స్విచ్‌లుంటే వాటికి డక్టు కట్టించు. ఇవన్నీ అయ్యాకే తలుపులూ పైకప్పూ. కాంట్రాక్టర్ తలుపులు ముందు బిగిస్తానంటాడు, ఫొటోలో బావుంటాయి కదా. ఒప్పుకోకు.

ఇప్పుడు అసలు సంగతి. నేను షిఫ్టుల్లో పనిచేసిన ఒకచోట, ఒక వరసలో ర్యాకుల పైభాగంలోని సర్వర్లు రోజూ వేడి అలారం కొట్టేవి. కిందివాటికి ఏ బాధా లేదు. మా మేనేజరుకి తెలిసిన వైద్యం ఒక్కటే, ఏసీకి పెట్టే ఉష్ణోగ్రత, అదే సెట్‌పాయింట్ తగ్గించడం. ఒక డిగ్రీ, నాలుగు రోజులాగి ఇంకో డిగ్రీ. చివరికి కోల్డ్ ఐల్లో స్వెటర్ లేకుండా నిలబడలేని స్థితి వచ్చింది, అలారం మాత్రం ఆగలేదు. కాయిల్ మరీ చల్లబడి ఒక ఏసీ యూనిట్ గాలిలో తేమంతా పిండేస్తుంటే, తేమ తగ్గిపోయిందని పక్క యూనిట్ హ్యూమిడిఫయర్‌తో ఆవిరి వదిలేది. ఒకటి తోడుతుంటే ఒకటి పోసినట్టు! రెండింటికీ కరెంటు బిల్లు మనదే.

అదీ చాలక, హాట్ ఐల్లో ఉడికిపోతున్నామని పనివాళ్లు గోలపెడితే అక్కడా నేల కింది చల్లగాలి పైకొచ్చే చిల్లుల పలకలు, అదే పర్ఫొరేటెడ్ టైళ్లు, రెండు వేయించాడు. మంచి మనసుతోనే వేయించాడు, కాదనను. కానీ నేల కింద ప్రెషర్ పడిపోయింది. కోల్డ్ ఐల్లో పైకి రావలసిన గాలి మోకాళ్ల దాకా వచ్చి నీరసించింది. అలారాలు రెట్టింపయ్యాయి. ఇక కొత్త ఏసీ యూనిట్ కొనాలని ఫైలు కదిలింది.

ఒక రాత్రి టిష్యూ పేపర్ సన్నగా చింపి, సెలోటేపుతో ర్యాకు ముందు ఒక్కో ఎత్తులో అంటించుకుంటూ వెళ్లాను. సర్వర్ ముందు అంటించినది లోపలికి పీల్చుకుపోయింది. పాత సర్వర్లు తీసేసిన, ర్యాకు ఎత్తు కొలిచే యూ లెక్కలో 3 యూ ఖాళీ దగ్గర అంటించినది మాత్రం నా ముఖం మీదికి ఊగింది. చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. వెనక వదిలిన గాలే ఆ సందులోంచి ముందుకు తిరిగొచ్చి పై సర్వర్‌కి మళ్లీ ఆహారమవుతోంది. అట్టపెట్టె ముక్క అడ్డం పెట్టి అలా చూస్తుండగానే పై సర్వర్ గాలి పీల్చే చోట, అదే ఇన్లెట్ దగ్గర, ఉష్ణోగ్రత దిగడం మొదలైంది. తరవాత ప్యానెళ్లు వేశాం, హాట్ ఐల్ టైళ్లు తీసేసి మామూలువి పెట్టాం, సెట్‌పాయింట్ పాత చోటికి తెచ్చాం. ఏసీ యూనిట్ ఫైలు ఎక్కడిదక్కడ ఆగింది.

సర్వర్ ఫ్యాన్ మొండిది బుజ్జీ. దానికి ఇంత గాలి కావాలంటే కావాలి. ముందు నుంచి ఇవ్వకపోతే పైనుంచో పక్కనుంచో వేడిదే లాక్కుంటుంది. గాలి 11 డిగ్రీలు వేడెక్కి బయటికొచ్చే లెక్కన కిలోవాట్‌కి నిమిషానికి సుమారు 160 ఘనపుటడుగుల గాలి, అంటే 160 సీఎఫ్‌ఎం కావాలి. 10 కిలోవాట్ల ర్యాకు ముందు మామూలు పర్ఫొరేటెడ్ టైల్ ఒక్కటి వేసి చల్లబడలేదంటే తప్పెవరిది? సెట్‌పాయింట్ జోలికి వెళ్లేముందు ఈ లెక్క కట్టు. ర్యాకు ముందు కిందా, మధ్యా, పైనా మూడుచోట్ల సెన్సార్లు పెట్టు. ఏసీ ఇంజనీర్ల సంఘం ఆష్రే సిఫారసు 18 నుంచి 27 డిగ్రీలు, అదీ సర్వర్ ఇన్లెట్ దగ్గర. గది గోడమీద థర్మామీటర్ ఏం చెప్పినా వినకు.

ఇంకోటి. నీ ఏసీ యూనిట్లు తమలోకి తిరిగొచ్చే రిటర్న్ గాలిని చూసి నడుస్తున్నాయా, తాము బయటికి పంపే సప్లయ్ గాలిని చూసా? కంటైన్‌మెంట్ అయ్యాక రిటర్న్ గాలి ఇంకా వేడిగా వస్తుంది, రావాలి కూడా. పాత సెట్టింగే ఉంచితే గది కాలిపోతోందనుకుని యూనిట్ మరీ ఎక్కువగా చల్లబరుస్తుంది. సప్లయ్‌కి మార్పించు. తరవాత ఫ్యాన్ వేగం నిదానంగా తగ్గించుకుంటూ రా. వేగం 80 శాతానికి తెస్తే ఫ్యాన్ తినే కరెంటు దాదాపు సగమవుతుంది. మీ పైవాళ్లకి చూపించాల్సిన లాభం అక్కడుంది.

నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోగా యూపీఎస్ మీద సర్వర్లు నడుస్తూనే ఉంటాయి, ఏసీలకు నీటిని చల్లబరిచే ఛిల్లర్ మళ్లీ లేవడానికి నిమిషాలు పడుతుంది. తెరిచి ఉన్న హాల్లో గదినిండా గాలి ఆ వేడిని కాసేపు మోస్తుంది. తలుపులు బిగించిన కోల్డ్ ఐల్లో మిగిలేది ఆ కాస్త చల్లగాలే. ఏసీ ఫ్యాన్లు, చల్లనీటి పంపులు యూపీఎస్ మీద ఉన్నాయో లేదో నీ కళ్లతో చూడు, డ్రాయింగ్ నమ్మకు. స్ప్రింక్లర్ నీళ్లకీ, ఆర్పే గ్యాస్‌కీ నీ కొత్త పైకప్పు అడ్డమొస్తుందేమో ఫైర్ సేఫ్టీ వాళ్లని పిలిచి అడుగు. వాళ్లు సంతకం పెట్టేదాకా ఒక్క ప్యానెల్ కూడా పైకెక్కకూడదు. ఇందులో నాతో వాదించకు.

హాట్ ఐల్లో 40 డిగ్రీలు దాటుతుంది. వీరత్వాలు పోకుండా మధ్యమధ్యలో బయటికొచ్చి నీళ్లు తాగు, నీ కింద పనిచేసేవాళ్లనీ పంపించు. ఈ ఆదివారంలోగా నీ టైల్ లేఅవుట్, మూడు ఎత్తుల్లో రీడింగులు నాకు పంపు. కళ్లజోడు తుడుచుకుని కూర్చుంటాను.

మీ పెద్దమ్మ