తలనొప్పి అని చెప్పకు

సికింద్రాబాద్

చిన్నీ,

బ్రసెల్స్ క్వీన్ ఎలిజబెత్ పియానో పోటీకి దరఖాస్తు పెడుతున్నావని మీ నాన్న పొద్దున్నే ఫోన్ చేశాడు. సంతోషం పట్టలేక పక్కింటావిడకీ చెప్పేశాను. మధ్యాహ్నానికల్లా దిగులు పట్టుకుంది.

పాస్‌పోర్టు గడువు చూసుకో. వీడియో తీసే ముందు పియానో శ్రుతి చేయించు. కొత్త చెప్పులతో పెడల్ తొక్కకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా బెంగ వేరు. ఫైనల్‌కి చేరిన పన్నెండు మందినీ బ్రసెల్స్ దగ్గర వాటర్లూలోని మ్యూజిక్ చాపెల్ అనే సంగీత శిక్షణాలయంలో వారం పాటు ఉంచి, ఇంకా అచ్చుకాని కొత్త రచన నేర్చుకోమంటారు. ఫోను ఉండదు. నువ్వు అక్కడిదాకా వెళ్తావు. అందుకే భయం. మొండిదానివి, అచ్చం అత్త పోలిక.

1983లో నాకు 22 ఏళ్లు. బొంబాయిలో కచేరీ కుదిరింది. షోపాన్ వేళ్ల సాధనకని రాసిన ఎట్యూడ్‌లలో పదో ఓపస్ సంపుటిలోని రెండోది పెట్టుకున్నాను. దాని సంగతి తెలుసుగా, కుడిచేతి చివరి మూడు వేళ్లే పరుగెత్తాలి. రోజుకి ఏడు గంటలు కూర్చునేదాన్ని. ముంజేతిలో మంట మొదలైంది. అమృతాంజనం రాసుకుని మళ్లీ కూర్చునేదాన్ని. మీ నాన్నమ్మ వాసన పట్టి "ఏమే, తలనొప్పా?" అంది. అవునన్నాను. ఒకరోజు మల్లెలు మాల కడుతుంటే ఉంగరం వేలి మీద దారం నిలవలేదు. నవ్వుకున్నాను, చూడు నా తెలివి! కచేరీ అయింది, చప్పట్లూ పడ్డాయి. నెల తిరక్కుండా చివరి రెండు వేళ్లూ అరచేతిలోకి ముడుచుకోవడం మొదలెట్టాయి. డాక్టరు మూడు నెలలు పియానో ముట్టుకోవద్దన్నాడు. పది రోజులు ఆగాను. పదకొండో రోజు తలుపు గడియ పెట్టుకుని రెట్టింపు సాధన చేశాను. అక్కడితో సరి.

అమెరికా పియానిస్టు లియోన్ ఫ్లైషర్ 1952లో ఈ పోటీలోనే మొదటి బహుమతి గెలిచాడు. 1964లో ఆయనకీ కుడిచేతి అవే రెండు వేళ్లు ముడుచుకున్నాయి. ఆయనా సాధన పెంచాడు! ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఒక్క ఎడమచేత్తో వాయించే రచనలే వాయించాడు. ఇది చదివిన రోజు పేపరు మడిచేసి ఏడ్చాను. ఆయనకి రావెల్ ఒక్క ఎడమచేతికే రాసిన, ఆర్కెస్ట్రాతో వాయించే కాన్చెర్టో మిగిలింది. నాకు గ్రేడ్ పరీక్షల పిల్లలు మిగిలారు. వాళ్లలో నువ్వూ ఒకదానివి, జంతికల నూనె చేతులు పియానో మెట్ల మీద పెట్టి నాచేత దెబ్బ తిన్నావు. అప్పుడు నీకు ఆరేళ్లు. కొట్టిన చెయ్యి ఇప్పటికీ నాకు గుర్తే.

అలసట వేరు, నొప్పి వేరు. వేళ్లు లాగినా, మంట పుట్టినా ఆ పూట మూత వేసెయ్. ఆ చాపెల్‌లో అయితే అక్కడున్న వాళ్లకి చెప్పు. వచ్చిన ఇంగ్లీషులో చెప్పు, చెయ్యి చూపించి చెప్పు.

ఆదివారం వీడియో కాల్‌లో ఆ ఎట్యూడ్ వాయించు. ఫోను మొహానికి కాదు, మోచెయ్యి కనబడేలా పెట్టు.

మీ అత్త