యాభై రెండేళ్లకు పుట్టి ఎక్కొచ్చా?

ప్రశ్న: నా వయసు 52. కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున మా ఊరు. మా నాయిన చేపలు పట్టేటోడు. నేను ఇరవై ఆరేండ్లు పుణెల మేస్త్రీ పని చేసి మొన్న దసరాకు ఇంటికొచ్చిన. మోకాళ్లు సహకరిస్తలేవు, ఇగ మళ్ల పోను. చేతిల మూడు లక్షలున్నయి. పుట్టి (గుండ్రటి చిన్న పడవ), వలలు కొని శ్రీశైలం బ్యాక్‌వాటర్‌ల వేట మొదలుపెట్టాలని ఉంది. నా భార్య ఏడుస్తుంది. కొడుకేమో "ఈ వయసుల పైసలు నీళ్లల్ల పోస్తవా" అంటుండు. నష్టపోతే ఊర్ల నలుగురు నవ్వుతరని నాకూ గుబులే. రాత్రి నిద్ర పడ్తలేదు. ఏం చెయ్యమంటరు?

జవాబు: మీ ఉత్తరంలో మూడు భయాలున్నాయి. నీళ్ల భయం మీ భార్యది, పైసల భయం మీ కొడుకుది, నలుగురి నవ్వు భయం మీది. మూడూ మీరొక్కరే మోస్తున్నారు, నిద్ర ఎట్లా పడుతుంది? మొదటి రెండు భయాలూ న్యాయమైనవే. వాటి సంగతి చూస్తే మూడోది చాలావరకు తగ్గుతుంది.

ముందు మీ భార్య మాట. 2007లో మీ కొల్లాపూర్ వైపే, మంచాలకట్ట దగ్గర కృష్ణలో పడవ మునిగి పదుల మంది పోయారు. ఆ ఒడ్డున పుట్టి పెరిగిన మనిషికి ఏడుపు రావడంలో తప్పేముంది? చిన్నప్పుడు ఈత వచ్చు కదా అని ధీమాగా ఉండకండి. ఇరవై ఆరేళ్లు నీళ్లలో దిగని ఒళ్లు అది. ఎవరినైనా పక్కన పెట్టుకుని, నడుం లోతులో మొదలుపెట్టి, బట్టలతోనే పది నిమిషాలు తేలగలిగేదాకా రోజూ దిగండి. లైఫ్ జాకెట్ కొనండి. దాన్ని మడిచి కిందేసుకుని కూర్చునే వాళ్లే ఎక్కువ, మీరు మాత్రం తొడుక్కోండి. ఒంటరిగా వేటకు పోవద్దు. ఎండాకాలం సాయంత్రాలు ఈదురుగాలి లేస్తే గుండ్రటి పుట్టి తెడ్డుకు లొంగదు, ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. మబ్బు కమ్మితే వల వదిలేసి ఒడ్డుకు రండి. పొద్దున ఎన్నింటికి తిరిగొస్తారో ఆమెకు చెప్పిపోండి, ఆ టైము దాటితే ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా రాసివ్వండి. ధైర్యం చెప్పే మాటల కంటే ఆ చీటీ మీద ఆమెకు నమ్మకం కుదురుతుంది.

మోకాళ్ల సంగతి తేలిగ్గా తీసుకోకండి. పుట్టిలో గొంతుక్కూర్చునో, మోకాళ్ల మీద వంగో తెడ్డు వేస్తారు. మీకు సరిగ్గా అదే కష్టం. కింద చిన్న పీట వేసుకుని కూర్చుని గంటసేపు తెడ్డు వేసి చూడండి. కాకపోతే తెడ్డు మీ జోడీకి, అంటే పుట్టిలో మీతో వచ్చే మనిషికి వదిలి, వల లేపే పని మీరు తీసుకోండి. బీపీ, షుగర్ పరీక్ష చేయించండి. షుగర్ ఉంటే రోజూ తడిసే కాళ్లకు చిన్న ముల్లు గుచ్చుకున్నా పుండు మానదు.

ఇక పైసలు. ఇప్పుడే ఏమీ కొనకండి. ఆరు నెలల ఇంటి ఖర్చు మీ భార్య ఖాతాలో వేసి అటువైపు చూడకండి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా, ఆ నీళ్లు తెలిసిన మనిషి పుట్టిలో పాలు (వచ్చినదాంట్లో వాటా) మాట్లాడుకుని పనిచేయండి. శ్రీశైలం డ్యాం నిండు మట్టం 885 అడుగులు. అక్కడి నుంచి నీళ్లు తగ్గుతూ, మునిగి ఉన్న సంగమేశ్వరం గుడి బయటపడేదాకా చేప రోజుకో చోటికి జరుగుతుంది. మునిగిన ఊళ్ల గోడలు, చెట్ల మోడులు ఎక్కడున్నాయో ఆయన తలలో ఉంటుంది. అది తెలియకుండా కొత్త వల వేస్తే మొదటి రాత్రే సగం చిరిగి మోడుకు వేలాడుతుంది. వేటలోకి కొత్తగా దిగినవాళ్ల డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే.

వల గురించి ఒక్కటి గుర్తుపెట్టుకోండి. సాయంత్రం కట్టి తెల్లారి లేపే వలకు పైన తేలే బెండ్ల తాడు, కింద బరువుకు గుండ్ల తాడు ఉంటాయి. వంద మీటర్ల జాలిని (వల అల్లికను) దాదాపు యాభై మీటర్ల తాడుకే ఎక్కించాలి. వల మిగలాలని ఎనభై మీటర్లకు లాగి కడితే కన్ను (వల రంధ్రం) నిలువునా మూసుకుపోయి బిగుసుకుంటుంది. చేప మూతి తగలగానే వెనక్కి మళ్లుతుంది. వదులుగా ఉంటేనే తల దూరి మొప్పల దగ్గర చిక్కుతుంది. కన్ను సాగదీసి కొలిచినప్పుడు 4 అంగుళాలకు తగ్గనివ్వకండి. బొచ్చె, రవ్వ పిల్లల్ని ఈ ఏడాది పట్టేస్తే వచ్చే ఏడాది మీకేం మిగలదు. అలివి వలల బ్యాచులు కూలి ఎక్కువిస్తామని పిలుస్తాయి. అవి నిషేధించిన వలలు, గుడ్డు పిల్లతో సహా ఊడ్చేస్తాయి. ఎంత ఇచ్చినా పోవద్దు.

డబ్బు పోయే రెండో చోటు, వ్యాపారి ఇచ్చే అడ్వాన్సు. వలలు నేనే ఇస్తా, చేప నాకే వెయ్యి అంటాడు. మిత్తి అడగడు, కిలో రేటులో కోసుకుంటాడు. లెక్క చూడండి. రాత్రికి 6 కిలోలు, నెలకు 20 రాత్రులు, కిలో 90 అనుకుందాం. 10,800 వస్తుంది. మంచు, పెట్రోలు, వల మరమ్మతు కలిపి 2,400 పోతే ఇద్దరికీ 4,200 చొప్పున. అదే చేప కొల్లాపూర్‌లో నేరుగా 120కి అమ్మితే మనిషికి 6,000. వేట అంతే, కష్టం అంతే, అమ్మకం మారింది. మీ భార్య ఒప్పుకుంటే అమ్మకం ఆమె చేతిలో పెట్టండి. థర్మాకోల్ పెట్టెలో కిలో చేపకు కిలో మంచు, ఒక పొర అదీ ఒక పొర ఇదీ. మే నెలలో వల ఆలస్యంగా లేపితే చచ్చిన చేప మొప్ప పాలిపోతుంది, కొనేవాళ్లు ముందు ఎత్తి చూసేది దాన్నే.

ఈ మూడు నెలలూ ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, గాలి, వల వేసిన చోటు, ఏ చేప ఎన్ని కిలోలు, రేటు, ఖర్చు. మీ కొడుకును రాయమనండి. పైసలు నీళ్లల్ల పోస్తున్నావన్న మాటకు వాదన అక్కర్లేదు, ఆ అంకెలు అతని చేతి రాతతోనే ఉంటాయి. ఉగాదికి ముగ్గురూ కూర్చుని చూడండి. మీ పాలు ఇంటి ఖర్చులో సగమైనా అందుకుంటే అప్పుడు పుట్టి, నాలుగు వలలు కొనండి. మూడు లక్షల్లో లక్ష దాటొద్దు. అందుకోకపోతే మీకు పోయింది మూడు నెలల కష్టం, పెట్టుబడి అలాగే ఉంటుంది.

ఈలోపు నాగర్‌కర్నూల్ మత్స్యశాఖ ఆఫీసుకు వెళ్లండి. రిజర్వాయరులో వేటకు లైసెన్సు, సంఘం సభ్యత్వానికి నైపుణ్య పరీక్ష, వానాకాలం గుడ్ల సీజన్‌లో వేట ఆపే తేదీలు, ఈ మూడూ అక్కడే అడగండి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద 18 నుంచి 70 ఏళ్ల మత్స్యకారులకు ప్రమాద బీమా ఉంది, ప్రాణం పోతే కుటుంబానికి 5 లక్షలు. అందులో పేరు ఎక్కాక ఆ కాగితం మీ భార్యకివ్వండి. నీళ్ల మీద మొదటి రాత్రి ఆ తర్వాతే.

నలుగురి నవ్వు మాటకొస్తే, పరాయి పుట్టిలో పాలుకు పనిచేసే మనిషిని చూసి నవ్వడానికి ఏముంది? కొత్త పుట్టికి కొబ్బరికాయ కొట్టి ఊరంతా పిలిస్తే ఆరు నెలలకు అందరూ ఏమైందని అడుగుతారు. ఎవరికీ చెప్పకండి. మీ నాయిన తోటివాళ్లు కొల్లాపూర్ దగ్గరి సోమశిల వైపు ఎవరైనా ఉంటే, ఈ వారం పోయి ఒక్క మాట అడిగి రండి: సంక్రాంతికి జోడీగా నన్ను తీసుకుంటవా అని.