కస్టమర్ లేనప్పుడైనా కూర్చోకూడదా అక్కా?

ప్రశ్న: అక్కా, నేను విజయవాడలో ఒక పెద్ద బట్టల షాపులో చీరల సెక్షన్‌లో సేల్స్ గర్ల్‌గా చేస్తున్నా, నాలుగేళ్లయింది. పొద్దున పదింటికి వెళ్తే రాత్రి తొమ్మిదిన్నర అవుద్ది, అన్నానికి ఇచ్చే అరగంట తప్ప కూర్చునేదే లేదు. కస్టమర్లు లేకపోయినా నిలబడే ఉండాలి, గోడకి ఆనుకున్నా ఫ్లోర్ మేనేజర్ కెమెరాలో చూసి మైకులో పేరు పెట్టి పిలుస్తాడు. మొన్న ఆషాఢం సేల్‌లో కాళ్లు వాచిపోయి రెండు నిమిషాలు స్టూల్ మీద కూర్చున్నానని సగం రోజు జీతం కోసేశారు. మా అమ్మేమో ఏసీలో ఉద్యోగం, ఎండలో కూలికి పోతున్నావా ఏంటి అంటది. నేనే ఎక్కువ చేస్తున్నానా? కూర్చోడానికి ఏమన్నా రూల్ ఉందా?
- పేరు వద్దు, విజయవాడ

జవాబు: ఎక్కువ చెయ్యట్లేదు తల్లీ. ఏసీ ఒంటికి చల్లగానే ఉంటది గానీ పిక్కల్లో ఉబ్బే నరాలకి ఏసీ ఏం చేస్తది చెప్పు.

రూల్ సంగతి. ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసేవాళ్లకి కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే 44వ సెక్షన్ పెట్టారు, అంటే మిషను దగ్గరున్న మనిషికి అప్పుడే స్టూల్ వచ్చింది, షోరూమ్‌లో పిల్లకి రాలేదు, ఎందుకంటే షాపుల చట్టాలు రాష్ట్రాలవి, వేరే. అది కదిలింది కేరళలో. కోళికోడ్ మిఠాయి వీధి షాపుల్లో ఆడవాళ్లకి కూర్చోడమే కాదు బాత్రూమ్ కూడా ఉండేది కాదు, దాంతో మంచినీళ్లు తాగడమే మానేసేవాళ్లు. విజి అని ఒక టైలర్ వాళ్లందర్నీ పోగేసి పెన్‌కూట్టు అనే సంఘం పెట్టింది, ముందు బాత్రూమ్ కోసం, తర్వాత కుర్చీ కోసం ఏళ్ల తరబడి కొట్లాడితే 2018లో కేరళ షాపుల చట్టం మార్చింది, 2021లో తమిళనాడు కూడా 22-ఎ అని సెక్షన్ చేర్చింది. ఇప్పుడు మన దాకా కూడా వచ్చింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లలో, అంటే కేంద్రం తెచ్చిన కొత్త కార్మిక చట్టాల్లో, పనిచోట భద్రత, ఆరోగ్యం గురించిన కోడ్ ఉంది చూడు, పదిమంది, ఆపైన పనిచేసే చోట నిలబడి చేసేవాళ్లకి కూర్చునే ఏర్పాటు ఓనరే చెయ్యాలి అని అందులో ఉంది. అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలని కూడా ఉంది. నీకిచ్చారా? ఇచ్చుండరులే.

ఇంక ఆ సగం రోజు జీతం. ఆ నాలుగింటిలోనే ఉన్న వేతనాల కోడ్ ప్రకారం ఏ తప్పుకి ఫైనో ముందే ప్రభుత్వం దగ్గర ఆమోదం తీసుకుని నోటీసు పెట్టాలి, వేసేముందు నీ మాట వినాలి, అదీ నెల జీతంలో 3 శాతం దాటకూడదు. మైకులో పిలిచి కోసెయ్యడం కుదరదు. నీ గంటలు కూడా లెక్కేశా, అన్నం టైం తీసేసినా రోజుకి 11, ఆరు రోజులకి 66, చట్టంలో వారానికి 48 మాత్రమే, పైన చేయిస్తే డబుల్ ఇవ్వాలి.

అయితే ఒక్కదానివే వెళ్లి ఇవన్నీ అడగమాకు, రేపటి నుంచి రావద్దంటారు. మీ ఫ్లోర్‌లో ఐదారుగురు కలిసి రాసి అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌కి ఇవ్వండి, పంచ్ టైములు, కోత పడ్డ జీతం స్లిప్పు ఫొటోలు తీసిపెట్టుకోండి. జీతం 21,000 లోపు అయితే ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా, ఉండాలి, నీ వాటా 0.75 శాతమే, నంబరు అడుగు, కాళ్లు గుణదల ఈఎస్‌ఐ ఆస్పత్రిలో చూపించుకో, ఆ చీటీ కూడా పనికొస్తది.

ఇంకోటి చెప్పాలి. మా చిన్నప్పుడు చీరల కొట్టుకెళ్తే తెల్ల దుప్పటి పరిచిన పరుపు ఉండేది, చెప్పులు బయట విప్పి మా అమ్మ ఇటు కూర్చునేది, కొట్టాయన అటు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఒక్కో మడత విప్పి ఒళ్లో వేసేవాడు, యాభై చీరలు చూసి ఒక్కటి కొన్నా ఆయన కూర్చున్నాడని మా అమ్మకి మర్యాద తగ్గిందేం లేదు. షోరూమ్‌లొచ్చాక కౌంటర్ వచ్చింది, కౌంటర్ వెనకాల మనిషి నిలబడితేనే మర్యాద అని ఎవరు మొదలుపెట్టారో గానీ, క్యాష్ దగ్గర ఓనర్ కూర్చుంటే మాత్రం ఎవరికీ అమర్యాదగా అనిపించదు!

ప్రశ్న: నాది రాజమండ్రిలో చిన్న ఫ్యాన్సీ షాపు, నలుగురు అమ్మాయిలున్నారు. కుర్చీలేస్తే ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారని భయం. వెయ్యాలా?
- ఒక షాపు యజమాని

జవాబు: పదిమంది లేరు కాబట్టి ఆ కోడ్ మీ మీదకి రాదు అండి, భయం లేదు. నిలబడినవాళ్లు ఫోన్ చూడట్లేదా మరి? మామూలు కుర్చీలు కాకుండా బ్యాంకు క్యాషియర్ దగ్గరుంటాయే అలాంటి ఎత్తు స్టూళ్లు రెండు వేసి చూడండి, కూర్చున్నా కస్టమర్ మొహానికి ఎదురుగానే ఉంటారు, దిగడం కూడా తేలిక. నలుగురికి రెండే ఎందుకంటే, వంతులు వాళ్లే వేసుకుంటారు, మీరు చూసుకోనక్కర్లేదు.